ఈగిల్ ఎక్కడుందో ఈగిల్‌కే సరిగ్గా తెలియదు: అపోలో 11 ల్యాండింగ్‌ను నిజంలా సిమ్యులేట్ చేయాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో అపోలో 11 ల్యాండింగ్ తయారు చేశారు. గురుత్వం 1.62 పెట్టారు, చంద్రుడి ఫొటోలతో నేల కట్టారు, చంద్రుడి మీదకు దిగిన లూనార్ మాడ్యూల్ (దాని పేరే ఈగిల్) మోడల్ కూడా బాగా కుదిరింది. కానీ చూసినవాళ్లందరూ "గేమ్‌లా ఉంది, నిజంలా లేదు" అంటున్నారు. నేల టెక్స్చర్ మార్చాలా, షేడర్ మళ్లీ రాయాలా అని అడిగారు. వీలైతే తర్వాత చంద్రయాన్-3 కూడా చేర్చాలని ఉందన్నారు.

టెక్స్చర్‌నీ షేడర్‌నీ ఇప్పుడే ముట్టుకోకండి. ఫ్లైట్ సిమ్యులేషన్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీ కోడ్ గురించి మీరు రాసినదాన్ని బట్టి చూస్తే లోపం బొమ్మల్లో లేదు. మీ వాహనానికి స్థానం ఒక్కటే ఉంది, వేగం ఒక్కటే ఉంది. తెర మీద గీసేదీ అదే, ఎత్తు మీటరు చూపించేదీ అదే, ఆటోపైలట్ లెక్క వేసుకునేదీ అదే. 1969 జూలై 20న ఈగిల్ పరిస్థితి అలా లేదు. నిజంగా అది ఉన్న చోటు ఒకటి, తాను ఉన్నానని దాని కంప్యూటర్ అనుకుంటున్న చోటు మరొకటి. ఆ పన్నెండున్నర నిమిషాల టెన్షన్‌లో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య తేడాలోంచి పుట్టిందే. మీ ప్రోగ్రాములో ఆ తేడాకు చోటే లేదు, అందుకే గేమ్‌లా ఉంది.

కాబట్టి మొదటి పని నిర్మాణం మార్చడం. రెండు స్థితులు వేర్వేరుగా పెట్టుకోండి. నిజస్థితిని భౌతికశాస్త్రం నడుపుతుంది. అంచనా స్థితిని వాహనం కంప్యూటర్ నడుపుతుంది. ఎటు, ఎంత తోపుతో పోవాలో లెక్కేసే గైడెన్స్ కోడ్ నిజస్థితిని ఎప్పుడూ చదవకూడదు, ఒక్క వేరియబుల్ కూడా. రెండింటి మధ్య దారి సెన్సార్ల గుండా మాత్రమే ఉండాలి. రాసేటప్పుడు ఇది చాదస్తంగా అనిపిస్తుంది. డీబగ్ చేసేటప్పుడు "ఈ ఒక్కచోట నిజమైన ఎత్తు వాడేద్దాం" అనిపిస్తుంది కూడా. వాడకండి, అక్కడితో మళ్లీ గేమ్ అయిపోతుంది.

ఇప్పుడు భౌతికశాస్త్రం. మీ నేల చదునుగా ఉందన్నారు, అది ముందు సరిచేయాలి. దిగేందుకు ఇంజిన్ వెలిగించినప్పుడు ఈగిల్ సుమారు 15 కి.మీ. ఎత్తులో, సెకనుకు దాదాపు 1.7 కి.మీ. వేగంతో, నేలకు సమాంతరంగా పోతోంది. దిగాల్సిన చోటు ఇంకా 480 కి.మీ. దూరం. చంద్రుడి వ్యాసార్ధం 1,737 కి.మీ. మాత్రమే కాబట్టి ఆ 480 కి.మీ.లో నేల దాదాపు 16 డిగ్రీలు వంగిపోతుంది. ఇంకో లెక్క చూడండి. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే ఆ ఎత్తులో సెకను వర్గానికి 1.64 మీటర్లు వస్తుంది. అక్కడి గురుత్వం 1.60. అంటే ఇంజిన్ వెలిగిన క్షణంలో ఈగిల్ కిందకు పడిపోవడం లేదు, కక్ష్యలో హాయిగా తిరుగుతోంది. వేగం తగ్గేకొద్దీ బరువు 'తెలుస్తుంది', దాంతో ముక్కు మెల్లగా పైకి లేస్తుంది. చదును నేల మీద ఇది రాదు. మొదటి సెకను నుంచే పూర్తి బరువు మోయాల్సి వస్తుంది కాబట్టి ఇంధనం లెక్క కూడా పూర్తిగా తప్పుతుంది. మీరు ఇంధనం ట్యాంకు పెద్దది చేసి సర్దుబాటు చేశానని రాశారు చూడండి, దానికి కారణం ఇదే.

స్థానాలన్నీ చంద్రుడి కేంద్రం నుంచి కొలవండి, డబుల్ ప్రెసిషన్‌లో ఉంచండి. 32 బిట్ల ఫ్లోట్‌లో 17 లక్షల మీటర్ల దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య తేడా 12.5 సెం.మీ. ఉంటుంది. కాళ్లు నేల తాకేటప్పుడు మోడల్ వణుకుతోందన్నది అందుకే. గీయడానికి మాత్రం కెమెరా దగ్గర మూలబిందువు పెట్టుకుని ఫ్లోట్‌లోకి మార్చుకోండి. భౌతికశాస్త్రం లూపును ఫ్రేమ్‌రేటుకు కట్టకండి. 10 మిల్లీసెకన్ల స్థిరమైన అడుగు, రుంగే-కుట్టా నాలుగో తరగతి పద్ధతి చాలు.

ఇంజిన్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చాలామంది దీన్ని సున్నా నుంచి వంద దాకా సాఫీగా తిరిగే నాబ్ అనుకుంటారు. దిగే ఇంజిన్ గరిష్ఠ థ్రస్ట్ దాదాపు 45 కిలోన్యూటన్లు, విశిష్ట ప్రచోదనం (ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) 311 సెకన్లు. థ్రాటిల్ 10 శాతం నుంచి సుమారు 60 శాతం దాకా ఎక్కడైనా నిలబడుతుంది. ఆ పైన 92 శాతం చిల్లర దగ్గర ఉండే పూర్తి స్థాయి ఒక్కటే. మధ్యలో నడిపితే నాజిల్ గొంతు కోసుకుపోతుంది, అందుకని అక్కడ నిలపడం నిషిద్ధం. వెలిగించాక మొదటి 26 సెకన్లు 10 శాతం మీదే ఉంచుతారు, థ్రస్ట్ దిశ గరిమనాభి గుండా పోయేలా గింబల్ (ఇంజిన్‌ను అటూ ఇటూ వంచే కీలు) సర్దుకోవడానికి. ఆ గింబల్ ±6 డిగ్రీలు తిరుగుతుంది కానీ సెకనుకు 0.2 డిగ్రీల చొప్పున, నత్తనడక. కాబట్టి వేగంగా తిరగాల్సిన పనంతా 445 న్యూటన్ల చిన్న థ్రస్టర్లు పదహారింటిదే. పూర్తి థ్రస్ట్ దగ్గర సెకనుకు సుమారు 14 కిలోల ఇంధనం పోతుంది. 15 టన్నులకు పైబడి మొదలైన బరువు నేల తాకేసరికి 7 టన్నుల చిల్లరకు వస్తుంది. ప్రతి అడుగులోనూ ద్రవ్యరాశి, గరిమనాభి, జడత్వ భ్రామకాలు మూడూ మార్చండి. ఒక్క ద్రవ్యరాశి మార్చి వదిలేస్తే చివరి నిమిషంలో వాహనం మొద్దుగా తిరుగుతుంది. అసలైతే అప్పటికి అది చాలా చురుగ్గా కదులుతుంటుంది.

గైడెన్స్ సూత్రం భయపడినంత కష్టం కాదు. అలన్ క్లంప్ రూపొందించిన పద్ధతిని మాటల్లో చెప్తాను. లక్ష్యానికి ఉన్న దూరాన్ని 12తో గుణించి, మిగిలిన సమయం వర్గంతో భాగించండి. ఇప్పటి వేగాన్నీ లక్ష్యం దగ్గర ఉండాల్సిన వేగాన్నీ కూడి, 6తో గుణించి, మిగిలిన సమయంతో భాగించి, మొదటిదాంట్లోంచి తీసేయండి. లక్ష్యం దగ్గర ఉండాల్సిన త్వరణం కలపండి. అన్నీ వెక్టార్లే. వచ్చినదాంట్లోంచి గురుత్వాన్ని తీసేస్తే ఇంజిన్ ఇవ్వాల్సిన త్వరణం. దీన్ని 2 సెకన్లకు ఒకసారి లెక్కిస్తారు. వాహనాన్ని ఆ దిక్కుకు తిప్పే డిజిటల్ ఆటోపైలట్ మాత్రం సెకనుకు 10 సార్లు నడుస్తుంది. మీరు గైడెన్స్‌ను కూడా ప్రతి ఫ్రేములో పిలుస్తున్నారు. కదలికలన్నీ వెన్నలా ఉండటానికి అదొక కారణం. అసలు వాహనం 2 సెకన్లకోసారి కొత్త ఆదేశం అందుకుని కాస్త కుదుపుతో తిరిగేది. మిగిలిన సమయం సున్నాకు చేరితే ఈ సూత్రం పిచ్చి సంఖ్యలు ఇస్తుంది. అందుకే బ్రేకింగ్ దశ లక్ష్యాన్ని ఎప్పుడూ పూర్తిగా చేరదు. ఇంకా సుమారు నిమిషం మిగిలి ఉండగానే ఆ దశను నడిపే పీ63 అనే ప్రోగ్రాము ముగిసి, తర్వాతి ప్రోగ్రాము పీ64 కొత్త లక్ష్యంతో మొదలవుతుంది. ఇంకో మెలిక: బ్రేకింగ్‌లో తొలి ఆరు నిమిషాలు ఇంజిన్ పూర్తి స్థాయికి బిగించి ఉంటుంది కాబట్టి సూత్రం అడిగినంత థ్రస్ట్ దొరకదు, దిక్కు ఒక్కటే దాని చేతిలో ఉంటుంది. అడిగే థ్రస్ట్ 57 శాతానికి తగ్గాకే థ్రాటిల్ దిగుతుంది. అపోలో 11లో అది ఇంజిన్ వెలిగించిన 6 నిమిషాల 25 సెకన్ల ప్రాంతంలో జరిగింది. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మీ సిమ్యులేషన్‌ను పరీక్షించడానికి దీనికంటే మంచి కొలత లేదు. థ్రస్ట్, బరువు, వేగం, వంపు వీటిలో ఏది తప్పినా ఈ క్షణం పక్కకు జరిగిపోతుంది.

ఇక అసలు విషయం, అంచనా స్థితి. ఈగిల్ లోపల జైరోలతో నిలకడగా ఉంచిన వేదిక మీద మూడు యాక్సిలరోమీటర్లు ఉన్నాయి. అవి కంప్యూటర్‌కు త్వరణం సంఖ్యలు పంపవు, పల్సులు పంపుతాయి. ఒక్కో పల్సు అంటే సెకనుకు 1 సెం.మీ. వేగం మార్పు. గురుత్వాన్ని అవి కొలవలేవు, ఇంజిన్ తోపును మాత్రమే చూస్తాయి. కంప్యూటర్ ఆ పల్సుల్ని కూడుకుని, గురుత్వాన్ని తన లెక్కలోంచి కలుపుకుని, తన చోటు తానే ఊహించుకుంటుంది. కళ్లకు గంతలు కట్టుకున్నవాడు అడుగులు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో నడిచినట్టన్నమాట. బయల్దేరిన చోటు తప్పయితే చివరిదాకా తప్పే.

ఈగిల్‌కు ఆ మొదటి అడుగే తప్పింది. కక్ష్యలోనే ఉండిపోయిన ప్రధాన నౌక కొలంబియా నుంచి విడిపోయేటప్పుడు రెంటి మధ్య సొరంగంలో కాస్త గాలి మిగిలిపోయి, విడిపోతున్నప్పుడు చిన్న తోపు ఇచ్చింది. దానికి తోడు చంద్రుడి గురుత్వం అంతటా ఒకేలా ఉండదు. మాస్కాన్లు అనే సాంద్రమైన ముద్దల్ని 1968లోనే పాల్ ముల్లర్, విలియం ష్యోగ్రెన్ లూనార్ ఆర్బిటర్ల దారి చూసి కనిపెట్టారు. కానీ వాటి పూర్తి పటం అప్పటికి లేదు. 200 మిల్లీగాల్ తేడా అంటే సెకను వర్గానికి 2 మిల్లీమీటర్లే. అది 12 నిమిషాలు ఒకే దిక్కున లాగితే చోటు అర కిలోమీటరు జరుగుతుంది. దిగడానికి ముందు కక్ష్యలో గడిపిన సమయం దీనికి అదనం. అన్నీ కలిసి ఈగిల్ అనుకున్న చోటు దాటి సుమారు 6 కి.మీ. పడమరకు వెళ్లి దిగింది. కమాండర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ముందే పసిగట్టాడు. కిటికీలోంచి తెలిసిన క్రేటర్లు రెండు మూడు సెకన్ల ముందే దాటిపోతున్నాయని గమనించి చెప్పాడు. సెకనుకు 1.6 కి.మీ. వేగంలో మూడు సెకన్లు అంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

మీ సిమ్యులేషన్‌లో దీనికి కావాల్సింది రెండు గురుత్వ నమూనాలు. నిజస్థితికి నాసా గ్రెయిల్ ఉపగ్రహాల జంట 2012లో కొలిచినది. మొత్తం అక్కర్లేదు, వివరం ఎంత సూక్ష్మమో చెప్పే 'డిగ్రీ' వంద దాకా తీసుకుంటే చాలు. అంచనా స్థితికి నున్నటి గోళం లాంటి సరళమైనది. మొదలుపెట్టేటప్పుడు అంచనా స్థితిని కావాలనే తప్పుగా నింపండి. అంతే, ఒక్క గీత కొత్తగా గీయకుండానే మీ ఆటగాడికి కిటికీలో క్రేటర్లు ముందుగా కనిపించడం మొదలవుతుంది.

ల్యాండింగ్ రాడార్ ఈ తప్పులో కొంత సరిదిద్దుతుంది. ఎత్తుకు ఒక కిరణం, వేగానికి మూడు. రాడార్ అందుకున్నప్పుడు దాని ఎత్తుకూ కంప్యూటర్ ఊహించిన ఎత్తుకూ మధ్య తేడా 2,900 అడుగులు అని పక్కనున్న ఆల్డ్రిన్ చదివాడు. ఆ తేడాను కంప్యూటర్ ఒకేసారి మింగదు. కిందకు వెళ్లేకొద్దీ రాడార్ మాటకు విలువ పెంచుతూ మెల్లగా కలుపుకుంటుంది. అయితే రాడార్ సరిచేసేది ఎత్తునూ వేగాన్నీ మాత్రమే. మనం నేల మీద ఏ క్రేటర్ పక్కన ఉన్నామో అది చెప్పదు. ఎత్తు సరిపోయి చోటు మాత్రం తప్పుగానే మిగలడం అందుకే. మీ సెన్సార్ కోడ్‌లో ఈ తేడా కచ్చితంగా ఉండాలి.

తర్వాత కంప్యూటర్. ఇక్కడ రెండు దారులున్నాయి. గైడెన్స్ మీరే రాసుకోవడం ఒకటి. నిజమైన ప్రోగ్రామునే నడపడం రెండోది. అపోలో 11 లూనార్ మాడ్యూల్‌లో ఉన్న ల్యూమినరీ 099 మూలకోడ్ మొత్తం ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. రాన్ బర్కీ మొదలుపెట్టిన వర్చువల్ ఏజీసీ ప్రాజెక్టు దాన్ని అక్షరం అక్షరం ఎక్కించింది, దాన్ని నడిపే ఎమ్యులేటర్ (ఆ పాత కంప్యూటర్‌లా ప్రవర్తించే ప్రోగ్రాము) కూడా ఇచ్చింది. ఆర్బిటర్ సిమ్యులేటర్ మీద పనిచేసే నాస్ప్ అనే యాడ్-ఆన్ ఈ పద్ధతిలోనే అసలు కోడ్‌ను నడుపుతుంది. దాని మూలకోడ్ చదవండి, నెల రోజుల పని మిగులుతుంది. నా ఓటు రెండో దారికే. కానీ ముందు సొంతంగా ఒకసారి రాసి, అర్థం చేసుకుని, తర్వాతే ఎమ్యులేటర్ తగిలించండి. లేకపోతే ఎక్కడ తప్పిందో మీకు తెలియదు.

ఎమ్యులేటర్‌కు మీరు ఇచ్చేవి యాక్సిలరోమీటర్ పల్సులు, వేదిక కోణాలు, రాడార్ సంఖ్యలు, స్విచ్‌ల స్థితి. అది తిరిగి ఇచ్చేవి థ్రస్టర్ ఆదేశాలు, థ్రాటిల్ పల్సులు, డిస్కీ (కంప్యూటర్ కీలు, అంకెల తెర ఉన్న పలక) మీద అంకెలు. కోణాలు కూడా పల్సులే, ఒక వృత్తానికి 32,768. ఇలా పల్సుల స్థాయిలో కలిపితే వచ్చే లాభం ఏమిటంటే, దిగేటప్పుడు కంప్యూటర్‌కు పని ఎక్కువై మోగిన 1202 అలారాన్ని మీరు స్క్రిప్టులో రాయక్కర్లేదు, దానంతట అదే వస్తుంది.

ఎలాగంటే, ఆ కంప్యూటర్‌కు మార్చగల మెమరీ 2,048 పదాలు, శాశ్వత మెమరీ 36,864 పదాలు. ఒక్కో మెమరీ చక్రానికి 11.7 మైక్రోసెకన్లు. కొలంబియాను వెతికే రెండెవూ రాడార్ స్విచ్ కంప్యూటర్ ఆధీనంలో లేని స్థానంలో ఉంది. ఆ రాడార్ కోణాలకూ కంప్యూటర్ వైపు పరికరాలకూ 800 హెర్ట్జ్ కరెంటు వేర్వేరు చోట్ల నుంచి వస్తోంది, రెంటి ఫేజూ కలవడం లేదు. దాంతో కోణం కొలిచే యూనిట్లు రెండూ ఏ కదలికా లేకపోయినా సెకనుకు 6,400 చొప్పున పల్సులు గుప్పిస్తూ పోయాయి. ప్రతి పల్సుకూ కంప్యూటర్ ఒక చక్రం వదులుకోవాలి. 12,800ను 11.7 మైక్రోసెకన్లతో గుణించండి, సెకనులో 15 శాతం. ల్యాండింగ్‌లో మిగిలి ఉండే వెసులుబాటు దాదాపు అంతే. ఆ మీద రాడార్ తేడా చూడటానికి ఆల్డ్రిన్ డిస్కీ మీద వెర్బ్ 16 నౌన్ 68 అనే ఆదేశం కొట్టాడు. ఇంకొంత పని పడింది, పాత పని పూర్తికాకుండానే 2 సెకన్ల కొత్త పని వచ్చి పడింది. పనులు పెట్టుకునే కోర్ సెట్లు నిండిపోయాయి, 1202 వెలిగింది. 1201 అంటే లెక్కలకు వాడే వ్యాక్ ఏరియాలు ఐదూ నిండడం. మొత్తం 5 సార్లు వచ్చాయి. ప్రతిసారీ కంప్యూటర్ పనులన్నీ వదిలేసి, ముఖ్యమైన వాటిని మాత్రం ఆపిన చోటు నుంచి మళ్లీ ఎత్తుకుంది. హ్యూస్టన్‌లో స్టీవ్ బేల్స్, వెనక గదిలో జాక్ గార్మన్ "పర్వాలేదు, కానివ్వండి" అని చెప్పగలిగింది ఈ ఏర్పాటు వల్లే.

మీ సిమ్యులేషన్‌లో ఆ స్విచ్‌ను అసలు స్విచ్‌గానే పెట్టండి. సరైన స్థానంలో ఉంచి దిగితే అలారం రాదు. తప్పు స్థానంలో ఉంచితే వస్తుంది, కానీ ప్రతిసారీ అదే సెకనులో రాదు. అలారం సరిగ్గా 5 నిమిషాల 17 సెకన్లకు మోగేలా టైమర్ పెట్టిన సిమ్యులేటర్లు చూశాను. చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ రెండోసారి ఆడితే పసలేనట్టు తెలిసిపోతుంది.

చివరి నిమిషాల్లో థ్రాటిల్ ఊగిసలాట కూడా చేర్చండి, దీని గురించి చాలామందికి తెలియదు. టెలిమెట్రీలో థ్రస్ట్ గీత కోటగోడ పళ్లలా పైకీ కిందికీ ఊగింది. థ్రాటిల్ స్పందించడానికి 0.3 సెకన్లు పడుతుందని కాగితాల మీద ఉంది. అసలు ఇంజిన్‌ను ఆ తర్వాత మెరుగుపరిచారు, అది 0.075 సెకన్లకే స్పందిస్తోంది. కాగితం మాత్రం మారలేదు. ల్యాండింగ్ కోడ్ రాసిన డాన్ ఐల్స్ 0.2 సెకన్లకు సరిపడా సవరణ పెట్టాడు. కాగితంలో ఉన్న 0.3నే పెట్టి ఉంటే ఊగిసలాట అదుపు తప్పేదని తర్వాతి లెక్కల్లో తేలింది. కొలత వేదిక వాహనం గరిమనాభి దగ్గర కాకుండా దూరంగా ఉండటం కూడా దీనికి తోడైంది. వాహనం ముందుకో వెనక్కో వంగితే వేదిక కదిలి, లేని వేగం ఉన్నట్టు కనిపించేది. ఈ రెండు సంఖ్యలూ మార్చి మార్చి చూసేలా మీటలు ఇవ్వండి. స్థిరత్వం అంటే ఏమిటో ఒక సెమిస్టర్ పాఠం కంటే ఇదే బాగా చెబుతుంది.

ఇంధనం హెచ్చరిక గురించి అందరూ పొరబడేది ఒకటుంది. హ్యూస్టన్ నుంచి సిబ్బందితో మాట్లాడిన ఛార్లీ డ్యూక్ చెప్పిన "60 సెకన్లు" అంటే ట్యాంకు 60 సెకన్లలో ఖాళీ అవుతుందని కాదు. ట్యాంకులో 5.6 శాతం మిగిలినప్పుడు దీపం వెలుగుతుంది. అక్కడి నుంచి ఒక గడువు లెక్క మొదలవుతుంది. ఆ గడువు తీరాక మరో 20 సెకన్లలో దిగాలి, లేదా వెనక్కి మళ్లాలి. పైగా ట్యాంకులో ఇంధనం అటూ ఇటూ ఊగడంతో ఆ దీపం ముందుగానే వెలిగింది. నేల తాకినప్పుడు దాదాపు 45 సెకన్లకు సరిపడా మిగిలి ఉందని తర్వాత తేల్చారు. ఇక్కడ కూడా అదే కథ, ఉన్నదొకటి, తెలిసేదొకటి. ట్యాంకుకో లోలకం తగిలించి, సెన్సార్ దాని ఉపరితలాన్ని కొలిచేలా చేస్తే చాలు.

ఆటగాడి చేతికి ఏమివ్వాలి? సాధారణ జాయ్‌స్టిక్‌తో థ్రస్ట్ పెంచడం, తగ్గించడం కాదు. పీ64లో కంప్యూటర్ ఒక కోణం చూపిస్తుంది. కమాండర్ కిటికీ అద్దం మీద గీసిన స్కేలులో ఆ కోణం దగ్గర చూస్తే, కంప్యూటర్ ఎక్కడ దిగబోతోందో కనిపిస్తుంది. నచ్చకపోతే కంట్రోలర్‌ను ఒకసారి నొక్కితే లక్ష్యం ముందుకో వెనక్కో అర డిగ్రీ, పక్కకైతే 2 డిగ్రీలు జరుగుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అక్కడ కనిపించింది వెస్ట్ క్రేటర్, చుట్టూ కార్లంత బండలు. పీ66లోకి మారాడు. ఆ ప్రోగ్రాములో వంపు మనిషిది, థ్రాటిల్ కంప్యూటర్‌ది. దిగే వేగాన్ని ఒక స్విచ్‌తో నొక్కుకు సెకనుకు 1 అడుగు చొప్పున మార్చాలి. 400 అడుగుల ఎత్తులో ఆల్డ్రిన్ చదివిన సంఖ్యలు: కిందకు 9, ముందుకు 58, రెండూ సెకనుకు అడుగుల్లో. ఆ ముందుకు వేగం దాదాపు 18 మీటర్లు. భూమి మీద హెలికాప్టర్ 10 డిగ్రీలు వంగితే సెకను వర్గానికి 1.7 మీటర్ల త్వరణం వస్తుంది. చంద్రుడి మీద అదే వంపుకు 0.29 మాత్రమే. 20 సెకన్లలో ఆగాలంటే దాదాపు 30 డిగ్రీలు వెనక్కి వాలాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వేగాన్ని చంపకుండా క్రేటర్ దాటేదాకా వాడుకున్నాడు. మీ ఆటగాళ్లు మొదట్లో క్రేటర్ మీదే ఆగిపోవాలని చూసి ఇంధనం తగలేస్తారు.

నేల గురించి తొందరగా చెప్తాను. దూరానికి నాసా లేజర్ ఎత్తుమాపకం లోలా, జపాన్ ఉపగ్రహం కగుయా కొలతలు కలిపి చేసిన ఎత్తుల పటం చాలు, భూమధ్యరేఖ దగ్గర 60 మీటర్ల స్పష్టత. చివరి పది కిలోమీటర్లకు లూనార్ రికనయిజాన్స్ ఆర్బిటర్ సన్నని కెమెరా చిత్రాలు, పిక్సెల్‌కు అర మీటరు. ఆ కెమెరా బృందం ఆర్మ్‌స్ట్రాంగ్ వైపు కిటికీలోంచి కనిపించిన దృశ్యాన్ని 2019లో తిరిగి నిర్మించింది. మీది దాని పక్కన పెట్టి చూడండి. చిత్రాల్లో ఇప్పటి నీడలు ఉంటాయి, వాటిని నేరుగా అద్దితే రెండు సూర్యుళ్లు ఉన్నట్టుంటుంది. ఆ రోజు సూర్యుడు తూర్పున 10.8 డిగ్రీల ఎత్తులో, ఈగిల్ వెనక ఉన్నాడు. దిగే దారి దానికంటే కాస్త నిటారుగా ఉండాలని లెక్కేసి సమయం ఎంచుకున్నారు. ఎందుకంటే సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉండి, చూపూ కాంతీ ఒకే గీత మీదకు వస్తే చంద్రుడి నేల మీద నీడలన్నీ మాయమై తెల్లగా వెలిగిపోతుంది. మీరు వాడుతున్న లాంబర్ట్ షేడింగ్‌లో (కాంతి అన్ని దిక్కులకూ సమానంగా చెదురుతుందనుకునే మామూలు పద్ధతి) ఇది రాదు. హాప్కె పద్ధతి కానీ, సులువుగా లోమెల్-జీలిగర్ కానీ వాడండి.

ధూళి మేఘంలా పైకి లేవకూడదు. గాలి లేదు కాబట్టి కణాలు నేలకు అంటిపెట్టుకున్నట్టు చుట్టూ పల్చటి పొరలుగా దూసుకుపోతాయి, మధ్యలో రాళ్లు కదలకుండా కనిపిస్తాయి. కదిలే ధూళిని చూసి పక్కవేగం అంచనా వేయడం కష్టమైందని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పాడు. శబ్దంలో ఇంజిన్ హోరు తీసేయండి. వినిపించాల్సింది రేడియో, థ్రస్టర్లు కొట్టినప్పుడు గోడల్లో తట్టిన చప్పుడు. భూమి మీద రికార్డు చేసిన మాటలు వాడితే ఆల్డ్రిన్ గొంతు 1.3 సెకన్లు ముందే వినిపించేలా జరపడం మరవకండి. ఆయన చెప్పాక భూమికి చేరడానికి పట్టే సమయం అది. హ్యూస్టన్ మాటకు దీనికి వ్యతిరేకంగా, 1.3 సెకన్లు ఆలస్యంగా. ఈ ఒక్క సర్దుబాటుతో ఆల్డ్రిన్ చదివిన ఎత్తులన్నీ మీకు పరీక్ష బిందువులుగా పనికొస్తాయి.

పరీక్ష గురించి: ఇంజిన్ వెలిగించినప్పటి నుంచి లెక్కేస్తే పీ64 ఎనిమిదిన్నర నిమిషాలకు, పీ66 పదింబావు నిమిషాల ప్రాంతంలో, నేల తాకడం 12 నిమిషాల 35 సెకన్ల దగ్గర. మీ ఆటోపైలట్ ఒక్కదాన్నే వదిలితే ఆలస్యం ఉండదు, ముందే దిగుతుంది. ఆ అదనపు సమయం ఆర్మ్‌స్ట్రాంగ్ క్రేటర్ దాటడానికి తీసుకున్నది. కాబట్టి పోలిక పీ66 దాకా సంఖ్యలతో చేయండి, అక్కడి నుంచి ఆల్డ్రిన్ పిలుపులతో చేయండి. తర్వాత మొదటి తప్పుల్ని యాదృచ్ఛికంగా మార్చి వెయ్యిసార్లు నడపండి. దిగిన చుక్కలు సాగదీసిన గుడ్డు ఆకారంలో పడాలి, ప్రయాణ దిశలో పొడవుగా. గుండ్రంగా పడితే సెన్సార్లలో ఎక్కడో నిజస్థితి కారుతోందని అర్థం.

అపోలో 12ను రెండో మిషన్‌గా తీసుకోండి. 1969 నవంబరు 19న కాన్రాడ్, బీన్ అంతకుముందే చంద్రుడి మీద దిగిన మానవరహిత నౌక సర్వేయర్ 3కు దాదాపు 160 మీటర్ల దూరంలో దిగారు. అంత కచ్చితత్వానికి కారణం కంప్యూటర్ ప్రోగ్రాములో నౌన్ 69 అనే చిన్న చేర్పు. భూమి నుంచి రేడియో డాప్లర్‌తో తప్పెంతో కొలిచి, "నీ లక్ష్యాన్ని 4,200 అడుగులు జరుపుకో" అని చెప్పారు. సిబ్బంది ఆ సంఖ్య కొట్టారు, అంతే. మీరు రెండు స్థితులు విడిగా పెట్టుకుని ఉంటే దీనికి పది లైన్ల కోడ్ చాలు.

చంద్రయాన్ సంగతికొస్తే, 2023 ఆగస్టు 23న విక్రమ్ కూడా 30 కి.మీ. ఎత్తు నుంచి దాదాపు ఇదే వేగంతో మొదలుపెట్టి, 690 సెకన్ల రఫ్ బ్రేకింగ్‌లో 7.4 కి.మీ.కి దిగింది. మనిషి లేడు, 800 న్యూటన్ల ఇంజిన్లు నాలుగు, చోటు ఎంచుకోవడం కెమెరాల పని. కానీ అంతకంటే ముందు 2019 సెప్టెంబరు 7 నాటి చంద్రయాన్-2ను చేసి చూడమని చెప్తాను, మీ నిర్మాణానికి అసలు పరీక్ష అదే. ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ థ్రస్ట్ ఇచ్చాయని, తప్పులు పోగుపడ్డాయని, వాటిని సరిదిద్దడానికి వాహనం తిరగాల్సినంత వేగంగా తిరగకుండా పరిమితి అడ్డుపడిందని, చేరాల్సిన చోటు 500 మీటర్ల చతురస్రమే కావడంతో ఇరుకున పడిందని ఇస్రో తర్వాత వివరించింది. కాబట్టి మీ కోడ్‌లో థ్రస్ట్‌ను కాస్త పెంచండి, ఆ సంగతి గైడెన్స్‌కు చెప్పకండి. తిరిగే వేగానికి గట్టి హద్దు పెట్టండి, లక్ష్యం పెట్టెను 500 మీటర్లకు కుదించండి. ముందు అలా నడపండి. తర్వాత చంద్రయాన్-3లో చేసినట్టు పెట్టెను 4 కి.మీ. పొడవు, రెండున్నర కి.మీ. వెడల్పుకు పెంచి, తిరిగే హద్దు సడలించి, వేగం కొలిచే లేజర్ డాప్లర్ సెన్సార్ ఒకటి చేర్చి మళ్లీ నడపండి. రెండుసార్లూ నిజస్థితి, అంచనా స్థితి గీతలు రెండింటినీ ఒకే గ్రాఫు మీద గీయించి, ఆ గ్రాఫు ఇక్కడ పెట్టండి. మిగతాది దాన్ని చూశాక మాట్లాడదాం.